మాగని ఎరువు

ఆమెను ఇంట్లోవాళ్ళూ వీధిలోవాళ్ళూ తూనీగ అనే పిలిచేవారు. కుట్టుమిషను నేర్చుకుని మానేసింది, బట్టల దుకాణంలో చేరి అదీ మానేసింది. చివరికి ఆడపడుచుతో కలిసి నాలుగు ఆవుల్ని పెట్టుకున్నాక కాస్త నిలదొక్కుకుంది. పాలు పితకడం, ఇంటింటికీ పోసి రావడం ఆడపడుచు వంతు. కొట్టం ఊడ్చి, పేడనూ ఆవులు తొక్కేసిన గడ్డినీ కుప్ప వేసి, అది ఎరువయ్యాక గడ్డి మడికి చల్లడం ఈమె వంతు.

ఆ కుప్పే ఆమె ప్రాణం తోడేసింది. పొద్దున లేస్తే కాలు కాలిన పిల్లిలా దాని చుట్టే తిరిగేది. చెయ్యి దూర్చి చూస్తే చురుక్కుమనేది. పక్కవాళ్ళ గడ్డి మోకాలెత్తు లేచింది, తమది అరిగిన చీపురులా పడి ఉంది.

"ఇంకా ఆగాలి వదినా. లోపల పొగలు కక్కుతోంది," అంది ఆడపడుచు.

"నువ్వు ఆగు. నాకు కాలూ చెయ్యీ ఆడట్లేదు."

ఆడపడుచు పాలు పోయడానికి వెళ్ళిన పూటే తూనీగ కుప్ప విప్పి మడంతా చల్లేసింది.

వానలు పడ్డాయి. గడ్డి ఏపుగా లేచింది. తూనీగ సంబరంగా ఆవుల్ని తోలింది. ముందు నడిచే ఎర్రావు మూతి వంచి వాసన చూసి, పక్కకు తప్పుకుని గట్టు మీది గరిక కొరికింది. మిగతావీ అదే దారి పట్టాయి. గడ్డి మొదళ్ళలో మాగని పేడ ఉండలు అలాగే ఉన్నాయి. నాలుగు పరకలు తుంచి నోటికందించినా ఎర్రావు తల తిప్పుకుంది.

ఆడపడుచు వచ్చి చూసింది. వంగి ఒక పేడ ఉండను వేళ్ళతో చిదిపింది. అదే తూనీగకు భరించరానిదైంది.

"ఏదో ఒకటి అనవే."

"ఏమనను? మన కంచంలో పేడ వేస్తే మనం మాత్రం తింటామా? ఇది కోసేద్దాం. తర్వాత మొలిచింది తింటాయి."

ఇద్దరూ కోశారు. కొనుక్కొచ్చిన ఎండుగడ్డితో ఆవులు పాలు తగ్గించాయి. తూనీగకు తిండి సయించలేదు. కోసిన గడ్డిని పేడలో కలిపి కొత్త కుప్ప వేసింది. మళ్ళీ చెయ్యి దూర్చబోతుంటే ఆడపడుచు పార అందించింది.

"ఊరికే చూడకు వదినా, తిరగెయ్యి. గాలి తగిలితే త్వరగా మాగుతుంది."

తిరగేసింది. ఒక కుప్ప ఆమెకు ఏ మూలకీ చాల్లేదు. పక్కన ఇంకోటి, దాని పక్కన మరోటి వేసి, ఒకటి చల్లారేలోగా ఇంకోటి కలియబెట్టింది. పేడ కంపు పోయి మట్టి వాసన వచ్చి, గుప్పిట్లో పొడిపొడిగా రాలేదాకా ఓర్చుకుని, అప్పుడు చల్లింది.

ఈసారి మడిలోకి దిగిన ఎర్రావు వంచిన తల ఎత్తలేదు.

పాల క్యాన్లు కడుగుతున్న ఆడపడుచు, వచ్చి చూడమని తూనీగ పిలిస్తే నవ్వుతూ వచ్చింది. అప్పటికే ఆమె అక్కడ లేదు. కంచె అవతల ఇంకా గడ్డి వెయ్యని తమ మడిలో వంగి, ఎరువు చల్లడానికి వీలుగా నేల గట్టిపడిందేమోనని బొటనవేలితో గుచ్చి చూస్తోంది.