టెస్ట్ అని పేరు పెట్టిన పాటలు

ఎనిమిదేళ్లుగా ఒక తప్పు మోస్తున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

గన్నవరం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పనిచేసేవాణ్ణి. చాలా కంప్యూటర్లను కలిపి ఒకటిగా నడిపే క్లస్టర్ ఉండేది. అందులో వెబ్ యాప్‌లు తయారుచేసి చూసుకోవడానికి విడిగా ఒక శాండ్‌బాక్స్, అంటే ప్రయోగాల చోటు, నేనే ఏర్పాటు చేశాను. నియమమూ నాదే. అక్కడ పెట్టే ప్రతిదాని పేరూ టెస్ట్ అని మొదలవ్వాలి, నెలాఖరున టెస్ట్ అన్నవన్నీ తుడిచేస్తాం.

పక్క సీటు సునీత గారిది. పని చేస్తూ సన్నగా పాడుకునేవారు. హనుమాన్ జంక్షన్ అవతల వాళ్ల ఊరి చర్చిలో ఆమె నాన్నగారు పాటలు పాడించేవారట. ఆయన పోయాక, పాత ఫోన్‌లో మిగిలిన ఆయన పాటలు చుట్టాలంతా వినేలా ఒక యాప్ తయారుచేస్తున్నారు. ఫోన్ చివరి దశలో ఉందని, పాటలన్నీ శాండ్‌బాక్స్‌లో పెట్టించింది నేనే. నెలాఖరుకు ముందే తీసి దాస్తానని మాటిచ్చాను. మరిచిపోయాను, నెలాఖరున అవీ తుడుచుకుపోయాయి. ఈలోగా ఆ ఫోన్ కూడా పూర్తిగా పాడైపోయింది.

మరుపును ఎవరైనా క్షమిస్తారు. తర్వాత చేసినదాన్ని?

"పాటలు కనబడట్లేదేంటండీ?" అన్నారు.

"డిస్క్ పోయిందండీ," అన్నాను.

"ఇంకెక్కడా లేవా?"

"లేవండీ."

ఆమె కళ్లు తుడుచుకుని, "పోన్లెండి, మీరు మాత్రం ఏం చేస్తారు. అన్నం తిన్నారా?" అన్నారు.

ఉన్నాయి. తుడిచిన దేనికైనా క్లస్టర్‌లో వారం రోజులు నకలు ఉంటుంది. తిరిగి తెప్పించాలంటే హెచ్‌ఓడీ గారికి కారణం రాసివ్వాలి. నా మరుపును కాగితం మీద పెట్టడానికి సిగ్గుపడ్డాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమంటారు. నేనైతే ఆకులు ఎదురుగా ఉన్నా పట్టుకోలేదు. రోజూ పొద్దున్నే నకలు ఉందో లేదో చూసుకుని, రేపు చెబుదాంలే అనుకున్నాను. ఎనిమిదో రోజు లేదు. నాకు ముందు కలిగింది దుఃఖం కాదు, నిమ్మళం. అంత నీచుణ్ణా నేను?

ఆమె మళ్లీ పాడలేదు. కొన్నాళ్లకు వేరే ఉద్యోగానికి వెళ్లిపోయారు. ఆమె అంటే నాకు ఇష్టం. ఆ మాటా చెప్పలేదు. ఇప్పటికీ పక్కన ఎవరైనా గొంతు సవరించుకుంటే తల తిప్పుతాను. ఆ కూనిరాగం ఒక్కసారి వినాలని ప్రాణం కొట్టుకుంటుంది.

పాటలు పెట్టించిన రోజు, పలుకుతున్నాయో లేదోనని ఒక్కొక్కటీ కాస్త విన్నాను. మొదటిదాంట్లో ఆయన దగ్గి, "ఆన్ అయిందా అమ్మా?" అని అడుగుతారు. ఆ గొంతు నాకింకా గుర్తుంది. ఆమెకు గుర్తుందో లేదో.

ఆమె అడిగినదానికి జవాబు ఇప్పటికి రాస్తున్నాను. ఉన్నాయండీ. ఏడు రోజులు ఉన్నాయి. రాశాక కాస్త ఊపిరాడుతోంది, అంతే.