దగ్గు ఆపుకున్న రాతిమనిషి

హెలికాప్టర్ మమ్మల్ని కింది క్యాంపులో దించింది ఉదయం ఏడూ ఇరవైకి. అక్కణ్నుంచి పోస్టుకు నడక. ఒకే తాడుకు ఏడుగురం. మనిషికీ మనిషికీ మధ్య పదిహేను అడుగులు. వీపు మీద ఇరవై రెండు కిలోలు, అందులో సగం నా మందుల పెట్టె. పోస్టు చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర. ఎత్తు పదిహేడు వేల అడుగులు. చలి మైనస్ ఇరవై ఆరు. నేను సైన్యంలో నర్సింగ్ అసిస్టెంట్‌ని. థర్మామీటర్ చూడటం నా పని కాబట్టి అంకెలు ఇంకా గుర్తున్నాయి.

గిద్దలూరు బస్టాండులో టీ తాగుతుంటే ఎవరో ఒకరు అడుగుతారు, ఎంతమందిని కాల్చావని. ఆ మూడు నెలల్లో నేను ఒక్క గుండు కూడా పేల్చలేదు. ఆ మాట చెప్పగానే అడిగినవాడి ముఖం వాడిపోతుంది, నాకు ఒళ్లు మండుతుంది. అందుకే ఇప్పుడు అడిగినవాళ్లకు కాల్పుల సంగతి కాక, అక్కడ చూసిన ఒక సినిమా సంగతి చెబుతున్నాను.

పోస్టు అంటే మంచులో సగం పూడిపోయిన ఒక ఫైబర్ గుడిసె. ఏడు స్లీపింగ్ బ్యాగులు, ఒక కిరోసిన్ పొయ్యి, ఒక రేడియో. పొయ్యి మసికి ఉమ్మితే నల్లగా పడేది. ఆజ్ఞలు మూడు. తాడు కట్టుకోకుండా బయటికి పోవద్దు. ఒంటరిగా పోవద్దు. దగ్గు వస్తే దాచొద్దు. మూడోది నేను పెట్టింది. అంత ఎత్తులో దగ్గంటే ఊపిరితిత్తుల్లోకి నీరు దిగుతూ ఉండొచ్చు. ఒక్క రోజులో మనిషి పోతాడు. ఆక్సిజన్, సూదిమందు కాసేపు ఆదుకుంటాయి. అసలు మందు కిందికి దించడమే.

మా సుబేదార్ గఢ్వాల్ మనిషి. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. వంటవాడు బీహార్ వాడు, ఆ మిగిలిన మాటలన్నీ తనే మాట్లాడేవాడు. కాపలాకు ముగ్గురు. రేడియో ఆపరేటర్ మాత్రం మనవాడే, అర్ధవీడు మండలం. మొదటి రోజే నా యాస విని, "ఏందన్నా, మనది గిద్దలూరు సైడేనా?" అని పట్టేశాడు. ఆ క్షణం నుంచి నేను అతనికి అన్నను.

జనరేటర్ రోజూ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా నడిచేది, రేడియో బ్యాటరీలు చార్జ్ చేయడానికి. ఆ రెండు గంటలూ ఒక చిన్న టీవీ, డిస్కు ప్లేయరూ పనిచేసేవి. ఆడే డిస్కులు రెండే, రెండూ కలిపి ఒకే సినిమా. మాకు ముందున్న పార్టీలో ఎవరో తెలుగువాడు వదిలిపోయిన పాత జానపద సినిమా అది. మాయల దీవి, రాకుమారుడు, గాజుగోలీల కళ్ల రాక్షసి. ఎగిరే గుర్రాన్ని లాగే తీగ స్పష్టంగా కనిపిస్తుంది. మాంత్రికుడి గడ్డం ఒక సీనులో ఊడిపోతే, ఎడమచేత్తో పట్టుకుని మరీ శపిస్తాడు. నేను హిందీలో అనువాదం చెప్పేవాణ్ని, నాకు తోచినట్టు కల్పించి. పొయ్యి చుట్టూ కూర్చుని కడుపుబ్బ నవ్వేవాళ్లం. సుబేదార్ కూడా మీసం కింద నవ్వడం చూశాను.

మొదటి డిస్కు చివర్లో మాంత్రికుడు ఒక సైన్యాన్ని మొత్తం రాళ్లుగా మారుస్తాడు. ఆ ఒక్క సీనే అట్టల సెట్టులో కాకుండా నిజమైన బండల మధ్య తీశారు. బూడిదరంగు మనుషులు మూడు వరసలుగా నిలబడి ఉంటారు. కెమెరా కదలదు, సంగీతం లేదు. రెండో వరసలో ఎడమ నుంచి నాలుగోవాడి రొమ్ము మూడుసార్లు అదురుతుంది. మూతి బిగించి ఉంటుంది. మెడ నరం ఉబ్బుతుంది.

ముందుగా చూసింది నేనే. "చూడండ్రా, రాయికి దగ్గొస్తోంది" అన్నాను. గుడిసె ఎగిరిపోయేంత నవ్వు. ఆ రోజు నుంచి అదే మా ఆట. వంటవాడు చపాతీ కర్ర పట్టుకుని బిగుసుకుని నిలబడి, రొమ్ము మూడుసార్లు ఎగరేసేవాడు. సీను వెనక్కి తిప్పి మళ్లీ చూసేవాళ్లం.

మూడో రోజు ఆపరేటర్ లేచి టీవీ ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

"అన్నా, ఇది మార్కాపురం. పలకల గని" అన్నాడు.

"నీకెట్లా తెలుసు?"

"ఆ రాయి పొరలు జూడు. నేను పుట్టింది ఆ గని పక్కన గుడిసెలోనే. మమ్మల్ని కర్నూలు నుంచి తీసి ప్రకాశంలో కలిపిన కొత్తల్లో సినిమావాళ్లు వచ్చినారంట. సైన్యం వేషానికి మనుషులు కావాలన్నారంట. పని దిగి వస్తున్న కూలోళ్లను జూసి, వీళ్లకు రంగు కూడా అక్కర్లేదు, ఇట్లనే నిలబెట్టండి అన్నారంట. మా నాయనా నిలబడినాడు. మా అమ్మ చెప్పేది."

నేను టీవీ వైపు చూశాను. ఆ ముఖాల మీద ఉన్నది రంగు కాదు. పలక పొడి.

"ఆ దగ్గేది మా నాయనే అనుకుంటా" అన్నాడు.

వంటవాడికి నేను హిందీలో చెప్పాను. అతను చపాతీ కర్ర కింద పెట్టేశాడు.

ఆపరేటర్‌కు నాలుగేళ్లప్పుడు తండ్రి గని దగ్గుతో పోయాడు. ఒక్క ఫోటో లేదు. అతనికి గుర్తున్నదల్లా సాయంత్రం గుడిసె వాకిట్లో నిలబడే ఒక బూడిదరంగు ముఖం. అందుకే అతనికి నిశ్చయం లేదు. ఆ పొడిలో అందరి ముఖాలూ ఒకటే. అవునని చెప్పగలిగింది ఒక్క తల్లి. ఆమె ఆ సినిమా ఎప్పుడూ చూడలేదు.

తర్వాత ఎవరం నవ్వలేదు. కానీ సినిమా ఆపలేదు కూడా. రోజూ రెండు గంటలకు ఆ మనుషులు వచ్చి నిలబడేవారు. మిగతా సినిమా అంతా అట్ట, జిగురు. వాళ్లు మాత్రం నిజం. అదే భయం పుట్టించేది. వంటవాడు ఒకరోజు లెక్కపెట్టి ఇరవై ఏడుగురన్నాడు. మర్నాడు ఇరవై ఎనిమిదన్నాడు. గాలి చాలని చోట బుర్ర అలాగే పనిచేస్తుందని సర్ది చెప్పాను. తర్వాతి రోజు నేనే లెక్కపెట్టబోయి, మధ్యలో ఆపేశాను. కాపలా దిగి లోపలికి వచ్చేవాడి కనుబొమలు, మీసం, కోటు అంతా మంచుపొడి పట్టి ఉండేది. తలుపు దగ్గర ఒక్క క్షణం కదలకుండా నిలబడితే, నాకు పేరు పెట్టి పిలిచి పలికించుకోవాలనిపించేది.

ఆపరేటర్‌ను పీడించింది రెండో డిస్కు. అందులో రాకుమారుడు మంత్రజలం చల్లితే రాళ్లన్నీ మనుషులవుతాయి. అందరూ కత్తులెత్తి జై కొడతారు. రెండో వరసలో నాలుగో చోటు ఖాళీ.

"అందరూ లేచినారు. మా నాయన ఏడన్నా?" అని అడిగేవాడు. వెనక్కి తిప్పేవాడు. ఎక్కడో ఒక మూల, ఒకడి భుజం చాటున దొరుకుతాడని వెతికేవాడు. అది సినిమా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అక్కడ కూర్చుని చూస్తే మీకూ వచ్చేది కాదు.

నలభై ఒకటో రోజు. మంచుతుఫాను, చెయ్యి చాస్తే వేళ్లు కనపడవు. ఒంటిగంటా నలభైకి ఆపరేటర్, ఒక కాపలావాడు తాడు కట్టుకుని యాంటెనా మీద మంచు దులపడానికి వెళ్లారు. రెండూ పదికి తిరిగొచ్చారు. కాపలావాడు పొయ్యి దగ్గర కూలబడ్డాడు. ఆపరేటర్ తలుపు దగ్గరే నిలబడ్డాడు. తల నుంచి కాలిదాకా బూడిదరంగు. మూతి బిగించి ఉంది. మెడ నరం ఉబ్బింది. రొమ్ము మూడుసార్లు అదిరింది.

నేను దాన్ని అంతకుముందు వందసార్లు చూశాను.

"దగ్గు" అన్నాను.

"ఏం లేదన్నా."

"దగ్గమంటున్నా."

దగ్గాడు. గ్లౌజు మీద గులాబీరంగు నురగ. శ్వాస నిమిషానికి ముప్పై ఎనిమిది. చెవి ఆనిస్తే రొమ్ములో బుడగల చప్పుడు. మూడు రోజులుగా దాస్తున్నాడు.

ఆపరేటరే పడిపోతే రేడియో పట్టేదెవరు? సుబేదార్ పట్టాడు. "ఒక మనిషి. ఊపిరితిత్తులు. హెలికాప్టర్ కావాలి."

"రాదు. మబ్బు. ఆరు లోపల మీరే కిందికి తెండి. ఓవర్."

మంచు మీద జారే స్లెడ్జిబండికి కట్టి లాగాం. ఆక్సిజన్ సిలిండర్ అతని కాళ్ల మధ్య. సగం దారిలో మాస్కు తీసేసి, "దగ్గితే దించేస్తావు గదా, అందుకే చెప్పలా. ఇంకోసారి వెతుకుదామనుకున్నా" అన్నాడు. నేను తిట్టాను. వచ్చిన తిట్లన్నీ తిట్టాను. మా కళ్ల మీద నీళ్లు అక్కడికక్కడే గడ్డకట్టాయి. కింది క్యాంపు చేరింది ఐదూ ముప్పై ఐదుకు. మర్నాడు మబ్బు విడిచాక హెలికాప్టర్ అతన్ని తీసుకుపోయింది. బతికాడు.

ఆ దగ్గును చూసి అన్నిసార్లు నవ్వి ఉండకపోతే, తలుపు దగ్గర నేను దాన్ని పోల్చుకునేవాణ్ని కాదు. దీనికి సంతోషించాలో సిగ్గుపడాలో నాకు ఈరోజుకీ తెలియదు. ఎక్కువ సిగ్గే.

తొంభై రెండో రోజు మా బదులు పార్టీ వచ్చింది. దిగేముందు సుబేదార్ రెండు డిస్కులూ నా చేతిలో పెట్టి, "వాళ్లమ్మకు" అన్నాడు.

సెలవు మీద ఇంటికి వచ్చాక, గిద్దలూరు నుంచి కంభం బస్సు, అక్కణ్నుంచి అర్ధవీడు ఆటో. చలికి కమిలిన ముక్కు మీద తోలు ఇంకా ఊడుతోంది. వాళ్ల ఊరు చేరేసరికి పదకొండు. ఆపరేటర్ చిక్కిపోయి ఉన్నాడు కానీ మెట్లెక్కుతున్నాడు. టీవీ, ప్లేయరూ పక్కింటి నుంచి తెచ్చి సిద్ధంగా పెట్టాడు. వాళ్లమ్మ మాత్రం టీవీకి వీపు పెట్టి కూర్చుంది.

"చర్చి సంఘంలో మాటిచ్చినా, అబ్బాయా" అంది నాతో. "మార్కాపురం హాల్లో ఆడినప్పుడు పెద్దలు అన్నారు, మాంత్రికుడి సినిమా చూస్తే ప్రభువు బల్లకు, రొట్టె ద్రాక్షరసానికి దూరం పెడతామని. నేను పోలా. ఆయనా పోలా. తన బొమ్మ తనే చూసుకోలా."

"అమ్మా, ఒకటి చెప్పు" అన్నాడు కొడుకు. "రాళ్లు లేచే సీనులో నాయన ఎందుకు లేడు?"

ఆమె కొంగు భుజం మీదికి లాక్కుంది.

"ముందురోజు దగ్గినాడంట. నువ్వు రేపు రావొద్దు, అంతా చెడగొడతావు అన్నారు. ఇంటికొచ్చి ఇట్ల గోడకానుకొని కూర్చున్నాడు. ఆ రోజంతా దగ్గలా. నేను ఆపుకోగలను, జూడు, జూడు అని నాకు చూపించినాడు."

ఆపరేటర్ తల వంచుకున్నాడు. నేను డిస్కు పెట్టాను. ఎవరు ఎక్కడున్నారో ఆమెకు చెప్పొద్దని ముందే అనుకున్నాం. సంగీతం ఆగిపోయి నిశ్శబ్దం వచ్చినప్పుడు, "ఇప్పుడమ్మా" అన్నాను.

ఆమె ఇటు తిరిగింది. మూడు వరసల మనుషులు. ఆమె వెతకలేదు. మోకాళ్ల మీద టీవీ దాకా జరిగి, రెండో వరసలో నాలుగోవాడి రొమ్ము మీద అరచెయ్యి పెట్టింది. ఆ చేతి కింద అది అదిరింది. ఒకటి. రెండు. మూడు. దగ్గేవాళ్లకు రొమ్ము రాసినట్టు అద్దం మీద రాయడం మొదలుపెట్టింది.

"దగ్గయ్యా" అంది. "ఇంగ నిన్నెవరూ ఏమనరులే. దగ్గు."

ఆ సీను పదకొండు సెకన్లు. తర్వాత తెర మీదికి పాట వచ్చింది. ఆమె చెయ్యి అక్కడే రాస్తూ ఉంది.