పళ్లెంలో పెట్టిన బట్ట

నూలుకు వేసే రంగులమ్మడం నా ఉద్యోగం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నా ఇలాకా అని కంపెనీ అనుకునేది. నా మటుకు నాకు అది తిండి ఇలాకా. పొద్దున కోరుట్లలో దిగితే పాయా, వేడి రోటీ. మధ్యాహ్నానికి జగిత్యాల చేరితే ఖీమా, దాని మీద ఒక ఇరానీ చాయ్. సాయంత్రం సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు వింటూ మిరపకాయ బజ్జీ. పచ్చి మక్క కంకులు దొరికే రోజుల్లో రుద్రంగిలో బస్సు ఆగితే చాలు, రోడ్డు పక్కన ఒక అవ్వ వేసే మక్క గారెల కోసం దిగిపోయేవాణ్ణి. నన్ను వదిలేసి బస్సు పోయేది. నేనేమీ బాధపడేవాణ్ణి కాదు, ఇంకో వాయి కోసం అక్కడే కూర్చునేవాణ్ణి. ఫలానా చోట బోటి కూర బాగుంటుందని ఎవరైనా అంటే, అక్కడ రంగులు కొనే మనిషి ఒక్కడు లేకపోయినా సంచి తగిలించుకుని బయల్దేరేవాణ్ణి.

అలా తిరగడానికి అవి మంచి రోజులు కావు. అన్నలు, అదే నక్సలైట్లు, తిరిగే రోజులు, వాళ్ల కోసం పోలీసులు తిరిగే రోజులు. భుజాన సంచితో ఊరూరా కనిపించే పడుచువాడంటే ఇద్దరికీ అనుమానమే. అటువాళ్లు పోలీసుల మనిషేమో అనుకుంటారు, ఇటువాళ్లు అన్నల మనిషేమో అనుకుంటారు. వీడు బోటి కోసం తిరుగుతున్నాడని మాత్రం ఎవరూ అనుకోరు. చీకటి పడితే బస్సులుండవు, హోటళ్లలో పొయ్యిలారిపోతాయి. ఆ కాలం మీద నాకున్న కోపాల్లో ఇదీ ఒకటి, నా రాత్రి భోజనం మీద దెబ్బ కొట్టింది.

సిరిసిల్లలో నా దగ్గర రంగులు కొనే ఒక ఆసామి ఉండేవాడు. ఇంటి ముందు గదిలో కొన్ని మరమగ్గాలు, వెనక గదిలో తండ్రి నాటి చేతిమగ్గం. నేనూ నేతింటి పిల్లవాణ్ణే కాబట్టి ఆ ఇంట్లో తినకుండా పంపేవారు కాదు. ఒకరోజు వాళ్ల పచ్చి పులుసు నాకెంత నచ్చిందంటే, అన్నం అయిపోయాక గ్లాసులో పోయమని అడిగాను. ఆసామి కూతురు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"అన్నంల పోసుకునేదాన్ని గ్లాసుల పోసుకుంటరా ఎవలన్న?"

ఆ నవ్వుతో నా పని అయిపోయింది. ఆ తర్వాత సిరిసిల్లకు రంగుల అవసరం ఎక్కువైందని కంపెనీకి రాసుకున్నాను. చేసుకుంటే ఆ పిల్లనే చేసుకోవాలని నాకు ఒకటే పట్టు.

కోరుట్లలో ఉండే మా మేనమామ మాట కదిపాడు. ఆసామి అవుననలేదు, కాదనలేదు. కానీ మా మేనమామతో మనసులో మాట చెప్పేశాడు. "పిల్లగాడు మంచోడే. గని తెల్లారి లేస్తే రోడ్ల మీదనే ఉంటడు. యాడ ఎవలు ఆపుతరో, యాడ దింపుతరో. నా బిడ్డ దినాం తలుపు కాడ నిలబడి ఎదురుసూడాల్నా?"

నాకు ఒళ్లు మండింది. కానీ ఆయన అన్నది నిజం.

"కడుపు నిండితే మనిషి మెత్తగైతడు" అన్నాడు మా మేనమామ. "మంచి ఓటలుకు తీస్కపోదాం."

మంచి హోటలంటే అప్పట్లో మా వైపు ఒక్కటే. బొంబాయిలో పెద్ద హోటల్లో వంట చేసి వచ్చినాయన కోరుట్లలో పెట్టాడు. బల్లల మీద తెల్లబట్టలు, కిటికీలకు పరదాలు, తలపాగా కట్టిన సర్వర్లు. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ ఆఫీసర్లు తమ చుట్టాలను జీపుల్లో తెచ్చుకునేవారు. అక్కడి కొర్రమట్ట చేప వేపుడు గురించి జగిత్యాల ప్లీడర్లు కోర్టు వరండాలో మాట్లాడుకునేవారట. నేను అక్కడ తిన్న ప్రతిసారీ ప్రపంచంలో ఎవరి మీదా కోపం లేని మనిషినై బయటికి వచ్చేవాణ్ణి. ఆసామి మెత్తబడకపోతే ఇంక మెత్తబడే చోటు లేదనుకున్నాను.

పిలిస్తే ఆయన వచ్చాడు. తెల్ల ధోవతి, భుజాన ఎర్ర అంచు తువ్వాల. కుర్చీ అంచున బిగుసుకుని కూర్చున్నాడు. పదే పదే గొంతు సవరించుకుంటున్నాడు. ఏదో చెప్పి లేచిపోదామన్నట్టుంది వాలకం.

ఆ హోటల్లో ఒక పద్ధతి. బల్ల దగ్గర అందరికంటే పెద్దమనిషికి ముందు పళ్లెం పెట్టాలి. సర్వరు నడుం వంచి, రెండు చేతులతో పళ్లెం తెచ్చి ఆసామి ముందు పెట్టాడు. అందులో చేతులు తుడుచుకునే బట్ట, నలుపలకలుగా మడిచింది. పసుపు రంగుది. దాని మీద ఒక గులాబీ పువ్వు.

ఆసామి ఆ పళ్లెం వంక చూస్తూ ఉండిపోయాడు.

మా నేతోళ్లలో సంబంధం కుదుర్చుకునేటప్పుడు పిల్లవాడి తరఫువాళ్లు పళ్లెంలో బట్ట పెట్టి, పువ్వు పెట్టి, పిల్ల తండ్రి ముందుంచుతారు. ఇష్టం లేని తండ్రి అసలు అంతదాకా రానివ్వడు. ముందు పెట్టాక కాదంటే బట్టను కాదన్నట్టు. బట్టే బతుకైనవాడు బట్టను ఎలా కాదంటాడు?

ఆయన గులాబీని పక్కన పెట్టాడు. బట్టను రెండు చేతులతో తీసి కళ్లకద్దుకుని భుజాన వేసుకున్నాడు.

"గింత మర్యాద జేసినంక నేనేమంట?" అన్నాడు. తన తువ్వాల తీసి, లేచి వచ్చి నా భుజాల మీద కప్పాడు. "నా బిడ్డను నీకిస్తున్న. పైలంగ సూస్కో."

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మేనమామకు అర్థమైంది. బల్ల కింద నా కాలు తొక్కిన తొక్కుడుకు నాకూ అర్థమైంది. మా ఇద్దరి పళ్లాలూ బట్టలూ వచ్చేసరికి మాట అయిపోయింది. ఇంక భోజనం చూడాలి! సూపు, కొర్రమట్ట, దమ్ మటన్, పల్చటి రోటీలు. ఆసామి ముళ్లు తీసి తీసి తింటూ, "మా బిడ్డ పెట్టే పులుసు ముంగట ఇదేంది" అంటూనే మళ్లీ వేయించుకున్నాడు. నేను మాత్రం, అంత తిండిపోతును, కొర్రమట్ట రుచి ఎలా ఉందో ఈనాటికీ చెప్పలేను. సంతోషంతో మింగానంతే.

చివర్లో సర్వరు వచ్చి ఆసామి పక్కన వంగాడు. "పెద్దసారూ, ఆ భుజం మీది బట్ట ఇచ్చేయిన్రి. అది ఓటలుది. చేతులు తుడుసుకోను ఇస్తం."

మేనమామ పరదాలు ఎంత బాగున్నాయో చూడటం మొదలుపెట్టాడు. ఆసామి బట్టను భుజం మీంచి తీసి, మళ్లీ నలుపలకలుగా మడిచి సర్వరు చేతిలో పెట్టాడు. నా వైపు తిరిగాడు.

"మీరు పెట్టలేదా?"

"లేదు" అన్నాను. "ఇక్కడ అందరికీ ఇస్తరు."

"నేను పిల్లనియ్యనని జెప్పిపోదామనే ఇయ్యాల అచ్చిన" అన్నాడు.

ఆ పిల్ల నా చేజారిందనుకున్నాను. ఏడుపొచ్చింది. కానీ పొరపాటున వచ్చిన పిల్లను దాచుకోవడం నా వల్ల కాలేదు. తువ్వాల తీసి ఆయన ముందు పట్టాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"అది ఓటలోల్ల బట్ట. వాళ్లది వాళ్లకు పోయింది. గిది నేను నేసింది, నా చేతులతోని నీకు కప్పిన. కప్పినదాన్ని గుంజుకుంటరా?"

మేనమామ కోరుట్లలోనే ఆగిపోయాడు. పొద్దు వాలకముందే నేనూ ఆసామీ సిరిసిల్ల బస్సెక్కాం. కథలాపూర్ దాటాక పోలీసులు ఆపారు. ఒకాయన లోపలికి వచ్చి అందరినీ చూసి, నన్నూ నా సంచినీ దిగమన్నాడు. దిగాను. వెనక్కి తిరిగి చూస్తే ఆసామి కూడా దిగి నా పక్కన నిలబడి ఉన్నాడు.

"నిన్నెవరు దిగమన్నరు పెద్దమనిషీ?"

"మా అల్లుడు సార్. అన్నం తినొస్తున్నం."

సంచిలో రంగు పొట్లాలన్నీ విప్పి వాసన చూసి పొమ్మన్నారు. బస్సులో ఆయన నా పక్కనే కూర్చుని నా చెయ్యి పట్టుకున్నాడు.

"గిట్ల దింపిన్రని నా బిడ్డకు జెప్పకు. భయపడుడు నాకొక్కనికి చాలు."

"సరే మామా" అన్నాను. ఆయన్ని అలా పిలవడం అదే మొదలు.