చింతపండుకు ఓర్వని రాయి

మా కోడలు పెరట్లో రాగి చెంబు తోముతుంటే చింతపండు పులుపు వాసన వసారాలోకి వచ్చింది. ఎవరికైనా నోరూరాలి. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తెనాలిలో మస్తాన్‌బీ దగ్గర నగల పనికి చేరేనాటికి నాకు నలభై దాటాయి, సంతకం కూడా రాదు. అందరిలాగే నేనూ ఆమెను ఆపా, అంటే అక్కా, అని పిలిచేదాన్ని. రెండువేల సంవత్సరం దాటిన రోజులవి. ఊరంతా వన్ గ్రామ్ గోల్డ్ మెరుపుల వెంట పడుతుంటే ఆపా మాత్రం రాగి రేకులో ఫిరోజా రాళ్లు పొదిగేది. ఫిరోజా అంటే ఆకాశపు రంగు రాయి, మీద సన్నని నల్ల గీతలుంటాయి. ఆమె కాగితం మీద బొమ్మ గీసేది కాదు. రాయిని ఎండలో అటూ ఇటూ తిప్పి చూసి, ఆ నల్ల గీత ఎటు సాగితే రాగి తీగను అటు వంచేది. నేనోసారి తీగను నా ఇష్టానికి తిప్పితే చేతిలోంచి లాక్కుంది.

"సువార్తమ్మా, రాయి తూర్పుకి పోతుంటే నువ్వు పడమరకి ఈడుస్తావేంటి? నీ మొగుడనుకున్నావా?"

మా సరుకు బాపట్లలో ఒక ఫ్యాన్సీ షాపులో అమ్మేవారు. పులుపు తగిలితే ఫిరోజా రంగు చస్తుందని, కొన్నవాళ్లకు ఆ మాట చెప్పమని ఆపా షాపాయనకు ప్రతిసారీ చెప్పేది. ఆయన తలూపేవాడు. ఒకనాడు మేమక్కడ ఉండగానే రేపల్లె నుంచి ఒకావిడ వచ్చి హారాన్ని బల్ల మీద పడేసింది. రాగే కదా అని బిందె తోమినట్టు చింతపండుతో తోమిందట. రాళ్లు పాచి రంగుకు తిరిగాయి.

"నకిలీ రాళ్లండి ఇవి" అందామె.

షాపాయన ఆపా వైపు వేలు చూపించాడు. "చేసింది ఈవిడేనండి. నాకేం తెలుసు?"

ఆమె వెళ్లాక ఆపా మెల్లగా అడిగింది. "చెప్పమన్నాను కదయ్యా?"

"చెబితే ఎవరు కొంటారమ్మా" అన్నాడు, సిగ్గు లేకుండా.

తెలిసీ నోరు మూసుకున్నవాడు పెద్దమనిషి, ముందే చెప్పిన మనిషి మోసగత్తె. ఇదెక్కడి న్యాయం?

ఆపా ఆ షాపులో మిగిలిన మా నగలన్నీ మూట కట్టించింది. తిరిగొచ్చే బస్సులో ఆ మూట నా ఒళ్లో పెట్టింది.

"నాకు రాయడానికి ఉర్దూ ఒక్కటే వచ్చు. కొనేవాళ్లు చదివేది తెలుగు. నువ్వు నేర్చుకో. మన మాట ఇంకొకళ్ల నోట్లో పెట్టొద్దు."

"ఈ వయసులో అక్షరాలేంటి ఆపా, నవ్వుతారు."

"ఇందాక నన్ను దొంగని చేశారు. చచ్చానా?"

చర్చిలో ఆదివారం బడి పిల్లల పక్కన కూర్చుని నేర్చుకున్నాను. నేను సొంతంగా రాసిన మొదటి వాక్యం, 'చింతపండుతో తోమవద్దు.' ఆ మాట చీటీ మీద రాసి ప్రతి నగకూ కట్టడం మొదలుపెట్టాం.

ఆపా పోయింది. షాపులవాళ్లు మారలేదు. "ఆ చీటీ తీసేయండి పిన్నిగారూ, బేరం పోతుంది" అంటారు. పోనివ్వండి. చీటీ లేని నగ నా గడప దాటదు. అచ్చు వేయించుకోవచ్చు కదా అంటుంది కోడలు. నేను చేత్తోనే రాస్తాను, కింద మస్తాన్‌బీ పేరు పెడతాను. బాపట్లకు వెళ్లే చీటీల మీద మాత్రం అక్షరాలు ఇంకాస్త లావుగా పడతాయి.