ఊపిరితిత్తుల పాఠం

భీమవరంలో నేను పనిచేసిన ప్రైవేటు జూనియర్ కాలేజీలో బైపీసీకి నాలుగు సెక్షన్లుండేవి. ఒకే పాఠం ఒకే రోజు నాలుగుసార్లు చెప్పాలి. మొదటి సెక్షన్‌లో వేసిన జోకే నాలుగో సెక్షన్‌లోనూ వేసి, అప్పుడే తట్టినట్టు నవ్వాలి. తొంభైల చివరికొచ్చేసరికి ఆ పని మొదలుపెట్టి పద్నాలుగేళ్లయింది. సాయంత్రానికి గొంతు పోయేది. కాళ్లు లాగేసేవి. ఇంటికెళ్తే ఎవరితోనూ మాట్లాడబుద్ధయ్యేది కాదు. మాకు పిల్లల్లేరు. ఇంట్లో ఉండేది నా భార్య ఒక్కతే కాబట్టి, మాట్లాడనిదల్లా తనతోనే.

జువాలజీలో నాకు పేరు తెచ్చింది రక్తప్రసరణ. బోర్డు మీద నాలుగు గదుల గుండె గీసి, ఒక చేతిలో నీలం సుద్ద, ఇంకో చేతిలో ఎర్ర సుద్ద పట్టుకునేవాణ్ని. ఒళ్లంతా తిరిగి అలిసిపోయి వచ్చిన చెడు రక్తం కుడివైపు గదుల్లోకి చేరుతుంది. కింది గది దాన్ని పుపుస ధమని గుండా ఊపిరితిత్తుల్లోకి నెడుతుంది. అక్కడ వెంట్రుక కన్నా సన్నని నాళాల్లో, గాలిని ఒరుసుకుంటూ పోతూ, బొగ్గుపులుసు వాయువును వదిలేసి ప్రాణవాయువును పుచ్చుకుంటుంది. మంచి రక్తమై పుపుస సిరల్లో తిరిగొచ్చి ఎడమవైపు పై గదిలో దిగుతుంది. ఆ గదికీ కింది గదికీ మధ్య రెండు రేకుల తలుపుంటుంది. అదే మిట్రల్ కవాటం. అది తెరుచుకుంటే రక్తం కిందికి దిగి మళ్లీ ఒళ్లంతటికీ పోతుంది. ధమనులన్నీ మంచి రక్తాన్ని మోస్తే పుపుస ధమని ఒక్కటీ చెడు రక్తాన్ని మోస్తుంది, సిరల్లో పుపుస సిరలు మాత్రం మంచి రక్తాన్ని మోస్తాయి, ఎంసెట్‌లో బిట్టు ఇక్కడే ఇస్తాడు, రాసుకోండి అనేవాణ్ని. పిల్లలు రాసుకునేవారు. వాళ్లకు కావలసింది ఆ బిట్టే. నిజం చెప్పాలంటే నాకూ అంతే.

ఆ ఏడాది నాలుగో సెక్షన్‌లో ఒకమ్మాయి లేచి, "సార్, ఆ ఎడమ పక్క తలుపు సరిగ్గా తెరుచుకోకపోతే ఏమవుతుందండి?" అని అడిగింది. సిలబస్‌లో లేదని కూర్చోబెట్టొచ్చు. కానీ ప్రశ్న బాగుంది, నాకు జవాబూ వచ్చు. రక్తం ముందుకు కదల్లేక వెనక ఊపిరితిత్తుల్లో నిలిచిపోతుందమ్మా అన్నాను. అవి బరువెక్కిపోతాయి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. వెల్లకిలా పడుకుంటే దగ్గు తెరలు తెరలుగా వస్తుంది, అందుకని మనిషి కూర్చునే కునుకు తీస్తాడు. ముదిరితే దగ్గులో రక్తం కూడా పడుతుంది. అంతా గడగడా చెప్పేసి, బెల్లు కొడితే ఇంటికి బయల్దేరాను.

మేం అద్దెకుండేది మేడ మీద. కుళాయి కింద ఉండేది. నేను వెళ్లేసరికి నా భార్య నీళ్ల బిందె నడుమున పెట్టుకుని మెట్ల మధ్యలో ఆగిపోయి ఉంది. ఒక చేత్తో గోడ పట్టుకుంది. భుజాలు ఎగసిపడుతున్నాయి. వెనక మెట్టు మీద నేను, నా భుజానికి సంచి, ప్రాణం ఎప్పుడు మంచం మీద వాలదామా అని ఉంది.

"ఏంటి, మెట్టుమెట్టుకీ మజిలీయేనా?" అన్నాను.

"ఒక్క నిమిషమండి. ఊపిరి అందట్లేదు."

ఆ నిమిషం విసుక్కుంటూనే నిలబడ్డాను. బిందె అందుకోవాలని తోచలేదు. పది నిమిషాల ముందు నేను ఒక క్లాసు మొత్తానికి వర్ణించి చెప్పిన రోగే నా ఎదురుగా నిలబడి ఉందని అసలే తోచలేదు. ఎందుకు తోచలేదో ఇప్పటికీ నాకు అర్థం కాదు. పాఠం కాలేజీలో ఉండేది, తను ఇంట్లో ఉండేది. అంతకు మించిన కారణం వెతికితే దొరకలేదు.

అప్పటికే తను రెండేళ్లుగా మూడు దిళ్లు ఎత్తుగా పెట్టుకుని వాటికి ఆనుకునే పడుకునేది. అడిగితే ఉబ్బసం అంది. మా వైపు ఆయాసపడే ఆడవాళ్లందరికీ ఆ ఒక్క పేరే పెట్టేస్తాం. పెరుగు మానేసింది, అరటిపండు మానేసింది, మిరియాల కషాయం తాగింది. ఏదీ పనిచేయకపోతే నేను వైద్యుడి అవతారమెత్తాను. ఒళ్లు కదలక వచ్చిన తంటా ఇది, నడిస్తే ఊపిరితిత్తులు బాగుపడతాయన్నాను. నీది జబ్బు కాదు, బద్ధకం అని కూడా అన్నాను. పొద్దున్నే కాలవగట్టు మీదికి తీసుకెళ్లేవాణ్ని. నేను ముందు నడిచేవాణ్ని. తను వెనకపడితే ఆగి, "రావాలి, రావాలి, ఆగితే లాభం లేదు" అని కేకేసేవాణ్ని. ఎదురు చెప్పే మనిషి కాదు తను. నేను చెప్పానంటే ఏదో పుస్తకంలో ఉండే ఉంటుందని నమ్మకం. పెదాలు నల్లబడుతున్నా వచ్చేది. అలా మూడు నెలలు నడిపించాను. ఈ మాట రాయడానికి చెయ్యి రావట్లేదు, కానీ నడిపించింది నేనే.

ఒక ఆదివారం పొద్దున గట్టు మీదే దగ్గి, కొంగు చూసుకుని, గబుక్కున మడిచి దాచుకుంది. లాక్కుని చూశాను. ఎర్రటి జీర. క్షయ అనుకుని మర్నాడే ఆసుపత్రికి తీసుకెళ్లాను. కళ్లె పరీక్షలో ఏమీ లేదన్నారు. ఎక్స్‌రే చూసిన డాక్టరు గారు మాత్రం గుండె డాక్టరుకి చూపించమని రాజమండ్రికి చీటీ రాసిచ్చారు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, వంతెన దాటేదాకా తను కళ్లు మూసుకునే ఉంది.

రాజమండ్రి డాక్టరు గారు పెద్దాయన. తనను ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి, స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు.

"చిన్నప్పుడు కీళ్లనొప్పులతో జ్వరం వచ్చిందా అమ్మా?"

"వచ్చిందండి. మూడు వారాలకో ఇంజక్షన్ వేయించేవారు. సంబంధాలు చూస్తున్నప్పుడు మాన్పించేశారండి, పిల్లకి ఏదో జబ్బుందనుకుంటారని."

పన్నెండేళ్ల కాపురంలో నేను ఆ మాట వినడం అదే మొదటిసారి. అడిగితేగా చెప్పడానికి.

డాక్టరు గారు స్కాన్ తీయించి చూశారు. తర్వాత తెల్లకాగితం ముందుకు లాక్కుని బొమ్మ గీయడం మొదలుపెట్టారు. నాలుగు గదులు. ఊపిరితిత్తుల్లోకి ఒక దారి, బయటికి ఒక దారి. ఎడమవైపు తలుపు దగ్గర పెన్ను ఆపి, అడ్డంగా గీత కొట్టారు. "చిన్నప్పటి ఆ జ్వరం వల్లే ఇది బిగుసుకుపోయింది. రక్తం వెనక్కి ఊపిరితిత్తుల్లో నిలిచిపోతోంది. ఇలాంటి వాళ్లకి శ్రమ అసలు పనికిరాదు. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే మనిషి దక్కదు" అన్నారు. నేను కొత్తగా వింటున్నవాడిలా తలూపుతున్నాను.

"మీకు అర్థమవుతోందా? ఏం చేస్తుంటారు మీరు?"

"లెక్చరర్నండి."

"ఏ సబ్జెక్టు?"

"తెలుగండి" అన్నాను.

నా భార్య తల తిప్పి నా వంక చూసింది. నేను గోడ మీద క్యాలెండర్ చూశాను. అయితే తేలిక మాటల్లో చెబుతాను మాస్టారూ అని ఆయన పాపం మళ్లీ మొదటినుంచీ చెప్పారు. నా పాఠం నేను కూర్చుని విన్నాను. నాకన్నా ఆయన బాగా చెప్పారు.

విశాఖపట్నంలో చేశారు ఆపరేషన్. తొడ దగ్గర నాళంలోంచి సన్నటి గొట్టం గుండెదాకా పంపి, ఆ తలుపు మధ్యలో చిన్న బెలూన్ ఊది తెరిచారు. రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం వార్డులో తను ఒకే దిండు మీద వెల్లకిలా నిద్రపోయింది. దగ్గలేదు. ఆ నిద్ర చూస్తూ కూర్చుని ఏడ్చాను. పక్క మంచం వాళ్లు ఇంకేదో అయిందనుకుని పరుగెత్తుకొచ్చారు.

నెల తర్వాత ఒక సాయంత్రం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి రాజమండ్రి డాక్టరు గారు గీసిన కాగితం ముందేసుకుని కూర్చుంది.

"ఏమండీ, మీరు క్లాసులో గీసే బొమ్మ ఇదేనా?"

"ఇదే."

"మన పెళ్లప్పటికే చెప్తున్నారా?"

"అప్పటికి రెండేళ్లయింది మొదలుపెట్టి."

తను వేలితో ఆ దారి మెల్లగా దిద్దుతోంది. ఇక దాచి లాభం లేదనిపించింది. "సిగ్గేసి ఆయనతో అబద్ధమాడాను. ఇంత తెలిసీ నిన్ను కాలవగట్టు మీద నడిపించాను. చంపేసేవాణ్నే" అన్నాను.

తను కాగితం మీంచి తలెత్తింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననీ అనుకున్నాను.

"ఆయన గీస్తుంటే నాకెంత గొప్పగా అనిపించిందోనండి" అంది. "మా వారు రోజూ చెప్పే పాఠం ఇదేనండి అని చెబుదామని నోటిదాకా వచ్చింది. ఈలోగా మీరే మాట్లాడేశారు."