ముందు కథలో హెడ్డుగారు

నిన్న సాయంత్రం మా అమ్మాయీ అల్లుడూ టీవీ ముందు తగువుకి దిగారు. ఏదో నేరపరిశోధన సీరియల్‌కి కొత్తగా పూర్వకథ తీశారట. ముందు పాతది చూడాలా, లేక ముందు జరిగిన కథే ముందు చూడాలా అన్నది గొడవ. కాలక్రమం, కాలక్రమం అంటాడు అల్లుడు. పెసరట్లు చల్లారిపోతున్నాయర్రా అంటే వినే నాథుడు లేడు. నాకు మా మేనత్త గుర్తొచ్చింది. ఈ తగువు అనకాపల్లిలో ఆవిడింట్లో ఎప్పుడో తెగిపోయింది.

అత్తది బెల్లం మార్కెట్ వెనక వీధి. మావయ్య చెరకు చూసొస్తానని దేవరాపల్లి బయల్దేరి, దారిలో లారీ గుద్ది పోయాడు. ఆ తర్వాత అత్త ఆయన మాటే ఎత్తేది కాదు. మేమెత్తితే పొయ్యి మీద ఏదో మాడుతోందంటూ లేచిపోయేది. పొయ్యి మీద ఏమీ ఉండేది కాదు. అలాంటి మనిషి ఓ పోలీసు సీరియల్‌కి అతుక్కుపోయింది. అందులో హెడ్ కానిస్టేబుల్ ఒకడు గడప దాటేముందు అచ్చం మావయ్యలాగే జేబులు తడుముకుని, వెనక్కొచ్చి మంచినీళ్లు తాగి వెళ్లేవాడు. అతన్ని దుండగులు పొడిచాక కథ ఆసుపత్రిలో ఆగినప్పుడు, బతికితే కోడినిస్తానని అత్త నూకాలమ్మకి మొక్కేసింది. అమ్మవారు వినలేదు, హెడ్డు పోయాడు. అత్తకి అన్నం సయించలేదు.

కొన్నాళ్లకి దాని పూర్వకథ మొదలైంది. మొదటిరోజే హెడ్డు నల్లటి మీసంతో సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. "ఓలమ్మో! బతికొచ్చేసేడు!" అని అత్త కేక. మర్నాడు కోడిని సంచిలో పెట్టుకుని గుడికి బయల్దేరింది. అడ్డుపడ్డవాడు ఆవిడ మరిది కొడుకు, నాకు వరసకి బావ. మార్కెట్లో కాటా దగ్గర పని, పిసరు తేడా వచ్చినా ఊరుకోడు.

"ఇది ముందు కత పెద్దమ్మా. ఆడు సచ్చింది తరవాత."

"తరవాతది తరవాత సూద్దాం. ఇప్పుడు బతికే ఉన్నాడు కదా! మొక్కు తీర్సకపోతే కళ్లు పోతాయి."

సాయంత్రం కోడి పులుసుకి బావ కూడా చెయ్యి కడుక్కుని కూర్చున్నాడనుకోండి, అది వేరే సంగతి.

ఇక రోజూ లెక్కలే. హెడ్డుకి కూతురు పుట్టింది. పాతదాంట్లో ఆ పిల్ల బడికెళ్తోంది కాబట్టి ఇంకా ఏళ్లున్నాయని అత్త. ఇన్‌స్పెక్టర్ బదిలీ అయ్యాకే కత్తిపోటు పడిందని బావ. అత్త వేళ్లు మడుస్తుంటే మొదట్లో నవ్వాను. ఆ మనిషికి ఎంత ఆయువు మిగిలిందో చూసుకుంటోందని తర్వాత అర్థమైంది. పిల్ల బడికెళ్లే వయసుకొచ్చింది. ఇన్‌స్పెక్టర్ బదిలీ అయ్యాడు. అత్త మొహంలో కళ తగ్గింది.

చివరికి కత్తిపోటు రోజు వచ్చింది. హెడ్డు గడప దగ్గర జేబులు తడుముకున్నాడు, వెనక్కొచ్చి మంచినీళ్లు తాగాడు. తొందరగా వచ్చెయ్యమంది భార్య. అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. బావ లేచి టీవీ కట్టేశాడు.

"అదేట్రా, ఇంకా అయిపోనేదు కదా?"

"అయిపోనాది పెద్దమ్మా. ముందు కత ఇక్కడికే."

కాటా మనిషి లెక్క తప్పి చెప్పడం ఆ ఒక్కసారే చూశాను. ఆ పూట బావ మీద నాకు ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను.

అత్త నల్లటి టీవీకేసే చూస్తూ, "మీ మావయ్యా అంతేనే. నీళ్లు తాగకుండా గడప దాటీవోడు కాడు," అంది. ఇన్నేళ్లలో ఆయన మాట రావడం అదే మొదలు. పెళ్లిచూపులకి వస్తూ సైకిలుతో సహా చెరకుతోటలో పడ్డ సంగతి చెప్పి, పడీ పడీ నవ్వి, ఏడ్చింది. ఆ తర్వాత మా దగ్గర ఆయన కబుర్లు చెబుతూనే ఉండేది. దేవరాపల్లి ప్రయాణం దాకా మాత్రం ఎప్పుడూ రానివ్వలేదు. మేమూ అడగలేదు.

అత్త కూడా వెళ్లిపోయింది. ఏది ముందు చూడాలమ్మా అని నిన్న అమ్మాయి అడిగితే, ముందు జరిగినది ఆఖర్న చూడండన్నాను. కాలక్రమం తప్పిపోదా అన్నాడు అల్లుడు. తప్పనివ్వండి బాబూ! కాలం ఎలాగూ తన వరస తప్పకుండా మనుషుల్ని తీసుకుపోతుంది. టీవీ కట్టేసే వేళకైనా మనవాళ్లు గడపలో నిలబడి మంచినీళ్లు తాగుతూ ఉండాలి.