దప్పికన్న మనిషికి నీళ్లిచ్చినందుకు

మా ఆయన తప్పు చేయలేదని నేనెవరితోనూ వాదించలేదు. కావలివాణ్ణి తోశాడు. ఆ మనిషి బావిగట్టు రాళ్ల మీద పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. తర్వాత బతికినన్నాళ్లూ కుంటుతూనే నడిచాడు. అతని పెళ్లాం కూడా నాలాగే ఏడ్చి ఉంటుంది. జడ్జి రెండేళ్ల కఠిన శిక్ష వేస్తే, పోనీలే, చేసినదానికి పడింది అనుకుని నోరు మూసుకున్నాను. నా కోపమంతా ఆ తర్వాత జరిగినదాని మీద. ముసలిదాన్నయ్యాను గదా, ఇప్పుడైనా అది చల్లారిందా అంటే, లేదు.

మాది బద్వేలు దిక్కున ఒక పల్లె. ఊరికి ఎడంగా ఉండే క్రైస్తవుల పేట. నేను మిషన్ బళ్లో ఎనిమిదో తరగతి దాకా చదివి, పేటలోనే చిన్నపిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. ఆయనకు కొంచెం మెట్టచేను ఉండేది, ఆ పని లేనప్పుడు కూలికి పోయేవాడు. నోరు ఊరుకునే మనిషి కాదు. "ఏం పంతులమ్మా, ఈ పొద్దు సంగటికి సెలవా?" అని నన్ను ఆటపట్టించేవాడు. ఎద్దును ములుగర్రతో పొడవడానికి కూడా చేతులు రావు, దాని చెవి దగ్గర నిలబడి బతిమాలేవాడు. "దున్నుతాండావా, దానికి వాక్యం చెప్తాండావా?" అని మా అత్త కేకలేసేది. పేటలో పిల్లలందరూ ఆయన భుజాలెక్కి పెరిగినవాళ్లే. తాగొచ్చి పెళ్లాలను బాదే మగవాళ్ల మధ్య అలాంటివాడు దొరికాడని నాకు లోపల్లోపల గర్వంగా ఉండేది.

ఆ ఏళ్లలో వానలు ఎగ్గొట్టాయి. సర్కారువాళ్లు ఊరూరా గంజి పోయించారు. మా పేట బావి అడుగు కనబడింది. ఊరిబావిలో మేం చేద వేయకూడదు. గట్టు కింద కుండ పెట్టుకుని, ఎవరో ఒక పుణ్యాత్మురాలు వచ్చి తోడి పోసేదాకా ఎండలో కూర్చోవాలి. వాళ్ల బుద్ధి పుడితే పోస్తారు, లేకపోతే "రేప్పొద్దున రాపో" అంటారు. అలా కూర్చుని కూర్చుని కాబోలు, మా పేటలో ఒక పట్టింపు ఉండేది. దప్పిక అని నోరు తెరిచి అడిగినవాడికి, పగవాడైనా సరే, లేదనకూడదు. ఇంట్లో ఉన్నది ఒక్క చెంబైనా ఇచ్చేయాలి. మా అత్త ఈ మాట బిడ్డలకు ఉగ్గుపాలతోనే పోసింది. ఊళ్లోవాళ్లు మా చేతి నీళ్లు ఎటూ ముట్టరు, అది వేరే సంగతి.

ఒక పొద్దున మగవాళ్లు కొందరు కుండలు తీసుకుని పెద్దరైతు చేలోని మోటబావికి పోయారు. కావలివాడు కుండలు పగలగొట్టాడు. ఈయన తోశాడు. జరిగింది అంతే. నాకప్పుడు ఐదో నెల.

కోర్టు బయట చేతికి బేడీతో నిలబడి కూడా ఆ మనిషి నవ్వాడు. "ఏడవద్దు మే. లోపల బుద్ధిగా ఉంటే శిక్షలో రోంత తగ్గిస్తారంట. నాకంటే బుద్ధిమంతుడు యాడుండాడు చెప్పు? బిడ్డ అడుగులేసే పొద్దుకు వచ్చేస్తా" అన్నాడు. ఆ మాట పట్టుకుని నేను బతికాను. ఎన్నాళ్లకు వచ్చినా ఫరవాలేదు, ఇదే మనిషి రావాలి, ఇదే నవ్వుతో రావాలి అని రోజూ మోకాళ్ల మీద ప్రార్థన చేశాను. అంతకు మించి ఆ దేవుణ్ణి నేనేమీ అడగలేదు.

కొడుకు పుట్టాడు. వాడికి మెడ నిలిచాక, తండ్రికి చూపిద్దామని ఎత్తుకుని బస్సెక్కాను. ఏ ఊరి జైలో చెప్పను, చెప్పినా ఇప్పుడు ఒరిగేదేమీ లేదు. కర్నూలు రాజధాని అయిన కొత్త. బస్సులో అందరూ మన రాష్ట్రం, మన తెలుగువాళ్ల రాజ్యం అని ఒకటే సంబరంగా మాట్లాడుకుంటున్నారు. నాకూ కొంచెం ఆశ పుట్టింది. ఎంతైనా మనవాళ్లు గదా, దయగానే చూస్తారు అనుకున్నాను. ఎంత వెర్రిదాన్ని!

జైలు గేటు దగ్గర వార్డరు నా మొహం కూడా సరిగ్గా చూడలేదు. "ఆయప్పకు ములాఖత్ లేదు, పో" అన్నాడు.

"యాల లేదు? ఇంత దూరం వస్తి, బిడ్డను చూపించి పోతా."

"శిక్షలో ఉండాడు."

"శిక్ష పడినందుకే గదప్పా ఈడికి వచ్చింది! మల్లా శిక్షలో ఉండేదేంది?"

"లోపల తప్పు చేసినోనికి లోపల శిక్ష ఉంటాది. గమ్మున పోమ్మా, నన్ను యాష్ట పెట్టాకు."

ఏం తప్పు అని అడిగాను. చెప్పలేదు. ఎట్లా ఉన్నాడు అని అడిగాను. చెప్పలేదు. నేను గొంతు పెంచేసరికి బిడ్డ జడుసుకుని ఏడ్చాడు. ఆ ఏడుపైనా గోడ దాటి ఆయనకు వినబడుతుందేమోనని, సిగ్గు విడిచి చెబుతున్నాను, వాణ్ణి చాలాసేపు ఊరుకోబెట్టలేదు.

ఏం తప్పు చేశాడో తెలియడానికి ఎండాకాలం రావాల్సి వచ్చింది. ఒకరోజు మా గుమ్మం ముందు ఎవరో పెద్దమనిషి వచ్చి నిలబడ్డాడు. రాజంపేట దిక్కు భూములున్న ఇంటివాడని మాటతీరులోనే తెలుస్తోంది. అరుగు మీద కూర్చుని, "అమ్మా, రోన్ని నీళ్లియ్యి" అన్నాడు. నేను బిత్తరపోయాను. అలాంటివాళ్లు మా పేటలో అడుగే పెట్టరు. మా అత్త కడిగిన చెంబుతో ఇస్తే గటగటా తాగి, చెంబు ఒళ్లో పెట్టుకుని ఏడ్చాడు.

ఈ పెద్దమనిషీ మా ఆయన ఉన్న జైల్లోనే ఉండి వచ్చాడట. అక్కడ గానుగకు ఎద్దుల బదులు మనుషులను కడతారట. ఈ పెద్దమనిషికి జ్వరమొచ్చి, ఒకరోజు తిప్పలేనన్నాడట. అందుకు రెండు చేతులూ తలకు పైన గోడకొంకికి బిగించి ఎండలో నిలబెట్టారు. మధ్యాహ్నానికి నాలుక పిడచగట్టుకుపోయింది. దారిన పోయే ఖైదీలను నీళ్లు, నీళ్లు అని అడిగాడు. శిక్షలో ఉన్నవాడికి నీళ్లివ్వకూడదని అందరికీ తెలుసు, తలలు దించుకుని పోయారు.

"మీ ఆయప్ప ఒక్కడు నిలబడినాడమ్మా. తన చట్టిలో నీళ్లు నా నోటికి పట్టినాడు. నీదే కులమని నేనడగలేదు, నాదే ఊరని ఆయప్ప అడగలేదు. నేను తాగతానే ఉండా, వెనకనుంచి వార్డరు వచ్చె."

ఈ పెద్దమనిషిని విప్పి, ఆ కొంకికే మా ఆయన్ను కట్టారు. ఒక పొద్దు కాదు, చాలా పొద్దులు. తర్వాత కాళ్లకు దండాబేడీలు వేసి, వెలుగు రాని కొట్లో పడేసి, పలచటి గంజి పోశారు. శిక్షలో తగ్గేదంతా కొట్టేశారు. "క్షమాపణ అడుగు, విడుస్తారు అని చెప్పి పంపితిమమ్మా. 'దప్పికన్నోనికి నీళ్లిస్తే తప్పెట్లయితాదన్నా' అని మమ్మల్నే అడిగె. అంత పిచ్చోడు!" అని ఆ పెద్దమనిషి తల పట్టుకున్నాడు.

మా అత్త అంతా విని, కొంగు నోట్లో కుక్కుకుని ఒక్కటే మాట అంది. "నేనే గదా నేర్పింది, నా బిడ్డకు నేనే గదా నేర్పింది." ఆమె ఆ దిగులుతోనే మంచం పట్టి, కొడుకు తిరిగి వచ్చేలోగా వెళ్లిపోయింది.

వచ్చాడు. కొడుకు అడుగులేయడం అయిపోయి, పరిగెత్తుతున్న రోజుల్లో వచ్చాడు. నేను వాకిలి ఊడుస్తూ ఉన్నాను. ఎవరో ముసలాయన గుమ్మానికి బయట గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఎవరప్పా అని దగ్గరికి పోయి చూస్తే మా ఆయన! "లోపలికి రావయ్యా, నీ ఇల్లే" అంటే చప్పున లేచి నిలబడి, చేతులు రెండూ పక్కలకు ఆనించి, తల వంచుకున్నాడు.

కుడి భుజం మళ్లీ సరిగ్గా లేవలేదు. మేడి పట్టలేడు. అయినా ఒళ్లు సంగతి నేను లెక్కచేయలేదు, సంగటి పెట్టి, నూనె రాసి బాగుచేసుకుంటాను అనుకున్నాను. మనిషి లోపల లేడు. నేను గదిలోకి వస్తే లేచి నిలబడేవాడు. అన్నం ముందు పెట్టినా, తిను అనేదాకా చేయి పెట్టేవాడు కాదు. పెరట్లోకి పోవడానికి కూడా నా మొహం చూసేవాడు. "పంతులమ్మా అని పిలువబ్బా, ఒక్కసారి" అని బతిమాలాను. "సరేమ్మా" అన్నాడు. కట్టుకున్న పెళ్లాన్ని, నన్ను, అమ్మా అన్నాడు! ఆ రోజు బడికి పోలేదు, పొయ్యి వెలిగించలేదు, గోడకేసి పడుకున్నాను.

ఊళ్లో మాత్రం బాగా మెచ్చుకున్నారు. మా ఆయన్ను జైలుకు పంపిన పెద్దరైతే పిలిచి పనిలో పెట్టుకున్నాడు. "దండం దశగుణం అని ఊరికే అన్యారా? చూడు, ఎంత నెమ్మదస్తుడైనాడో!" అని వచ్చినవాళ్లకల్లా చూపించాడు. మా చర్చి అయ్యగారు కూడా, దేవుడు అతణ్ణి విరిచి మెత్తబరిచాడమ్మా అన్నారు. నాకు ఒళ్లు మండింది. "దేవుని మీదికి తోయాకండయ్యా, మనుషులు చేసిన పని ఇది" అన్నాను. నోటి దురుసు మనిషినని పేరొచ్చింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది, ఇంకెవరికి చెప్పుకోను?

నెమ్మదస్తుడు అన్నారే, దాని కింద ఏముందో వాళ్లకు తెలియదు. నాకూ కొన్నేళ్ల దాకా తెలియలేదు. మనిషిని చావగొట్టి వదిలితే, ఆ దెబ్బ అతని దగ్గరే ఆగిపోతుందని అనుకున్నాను. తండ్రి మొహం చూడకుండా పుట్టిన నా కొడుక్కు ఆయన దగ్గర భయమూ లేదు, చనువూ లేదు. అదైనా మేలే అనుకున్నాను.

వాడు ఇంకా బడిలో చేరని వయసు. ఇంట్లో ఒక మేకపిల్ల ఉండేది, వాడికి అదే లోకం. పలుపు ఊడదీసి దాని వెంట పరిగెత్తేవాడు. అది ఒకరోజు పెద్దరైతు జొన్నచేలో పడింది. ఆ కావలివాడే కుంటుతూ వచ్చి మా ఇంటి ముందు నానా మాటలు అన్నాడు. మా ఆయన చేతులు రెండూ పక్కలకు ఆనించి నిలబడి అంతా విన్నాడు. కొడుకును పిలిచి, మళ్లీ చేయకూడదు అని నెమ్మదిగానే చెప్పాడు. మర్నాడు నేను బడికి పోయాక, వాడు మళ్లీ పలుపు విప్పాడు.

మధ్యాహ్నం బడి వదిలి ఇంటికి వస్తున్నాను. రాళ్లు పేలే ఎండ. వాకిట్లో పందిరిగుంజకు ఆనుకుని నా కొడుకు నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ తలకు పైన, తండ్రి తలగుడ్డతో కట్టి ఉన్నాయి. మునివేళ్ల మీద నిలబడ్డాడు. పెదాలు తెల్లగా ఎండిపోయాయి. ఏడవడం లేదు. ఆయన ఎదురుగా నీడలో గొంతుక్కూర్చుని వాణ్ణే చూస్తున్నాడు.

"ఏం చేస్తాండావయ్యా! నీకేమన్నా పిచ్చా?"

"శిక్ష" అన్నాడు. మొహంలో కోపం లేదు. కోపమైనా ఉంటే నేను తట్టుకునేదాన్నేమో.

"పసిబిడ్డకు శిక్షేంది? రోన్ని నీళ్లన్నా తాపితివా?"

"శిక్షలో ఉన్నోనికి ఇయ్యగూడదు." నా మీద జాలిపడినట్టే, నెమ్మదిగా అన్నాడు. "నువ్వు గూడా ఇయ్యాకు. ఇచ్చినోళ్లను గూడా నిలబెట్టాల్సొస్తాది."

ఆ మాట అన్నది ఎద్దును పొడవలేని మనిషి. దప్పికన్నవాడికి నీళ్లిస్తే తప్పెట్లా అవుతుందని అడిగిన మనిషి. నేను ప్రార్థించి ప్రార్థించి ఎదురుచూసిన మొగుడు ఆ చీకటి కొట్లోనే ఎప్పుడో పోయాడని, నా ఇంటికి వచ్చింది ఆ వార్డరేనని నాకు అప్పుడు తెలిసింది.

పరిగెత్తి ముడి విప్పాను. మణికట్టులు కమిలిపోయాయి. కుండలోంచి నీళ్లు ముంచి వాడి నోటి దగ్గర పెట్టాను. వాడు మొహం పక్కకు తిప్పుకుని, నా భుజం మీదుగా తండ్రి వైపు చూశాడు. కట్టు ఊడినా వాడి చేతులు ఇంకా పైనే ఉన్నాయి.

"దించు నాయనా, ఏం కాదు, నేనుండా గదా" అన్నాను.

"నాయన చెప్పాల" అన్నాడు.

ఆ రెండు చేతులూ పట్టుకుని నేనే కిందికి దించాను. వదలగానే వాడు మళ్లీ పైకెత్తాడు.